ప్రార్థన వేళ చేపలు

ఈమధ్య నర్సీపట్నంలో ఎక్కడికి వెళ్ళినా చేపల తొట్టి పెడుతున్నారు. పళ్ళ డాక్టరు దగ్గర ఉంది, ఫోన్లు బాగుచేసే కొట్లో ఉంది, మొన్న టిఫిన్ హోటల్లో కూడా పెట్టారు. ఉప్మా వచ్చేలోగా చూడ్డానికట. ఉప్మా వచ్చేలోగా నేను ఉప్మా గురించి ఆలోచించుకునేవాణ్ణి, నాకు ఆ కాలక్షేపం చాలు. ఇప్పుడేమో ఒక పసుపురంగు చేప అద్దం దాకా వచ్చి, నా వంక చూసి, నోరు తెరిచి మూస్తుంది. ఏదో అడుగుతున్నట్టే ఉంటుంది. నేను మొహం తిప్పుకుంటాను. నాకు చేపలు పడవేమోనని పక్కవాళ్ళు జాలిపడతారు. పులుసులో బాగానే పడతాయి.

అద్దం వెనక ఈదే చేపలతో నాకొక పాత వ్యవహారం ఉంది. దాన్ని ఇరవై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. గుండె మీద బండ అనను, అంత పెద్ద పాపం చేసే తాహతు నాకెప్పుడూ లేదు. పంటి సందున ఇరుక్కున్న మామిడి పీచులాంటిది. పనులన్నీ జరిగిపోతుంటాయి, నవ్వుతూనే ఉంటాం, నాలుక మాత్రం పదేపదే అక్కడికే పోతుంది. ఇన్నాళ్ళకు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇంతకంటే మంచి స్నేహం ఎక్కడ దొరుకుతుంది?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. నేను బీయస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి, ఊళ్ళో ఖాళీగా తిరగడంలో మంచి అనుభవం సంపాదిస్తున్నాను. బస్టాండు వెనక సందులో సామ్యూలు మాస్టారనే పెద్దాయనకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మిషన్ చర్చి కుటుంబం, బడిపంతులుగా రిటైరైన మనిషి. టైపు మిషన్ల కాలం అయిపోయిందని గ్రహించి, విశాఖపట్నంలో ఏదో ఆఫీసువాళ్ళు తీసిపారేసిన కంప్యూటర్లు వ్యాను మీద తెచ్చి దించారు. వాటిలో హార్డ్ డిస్కులు లేవు. ఒకదాంట్లో బల్లి మాత్రం ఉంది. ఇవి పనిచేస్తాయా అని నన్ను అడిగారు. చేస్తాయన్నాను. ఆ ఏడాది నన్నెవరైనా ఒక విషయం అడగడం అదే మొదలు, కాదనడానికి మనసొప్పలేదు.

చేశాయి కూడా. పుస్తకంతో పాటు ఉచితంగా వచ్చిన ఒక సీడీలో లైనక్స్ ఉండేది. విండోస్ చేసే పనే అదీ చేస్తుంది, కాకపోతే కొనక్కర్లేదు, బతిమాలాలి. మాస్టారి చేత ఒకే ఒక్క కొత్త మిషను కొనిపించి, మూల బల్ల మీద పెట్టి, అందులో లైనక్స్ వేశాను. దాన్ని సర్వర్ అన్నాం. మిగతా పాతవన్నీ వైర్లతో దానికి కలిపాను. పెళ్ళివారింట్లో వంటశాల ఒకటే, పంక్తులు మాత్రం హాలంతా అన్నమాట. మీరు ఇక్కడ మీట నొక్కితే ఆ కబురు మూలకు వెళ్ళి, అక్కడ ఆలోచన జరిగి, అక్షరం తిరిగొచ్చి మీ తెర మీద కూర్చుంటుంది. మూలవాడు తీరిగ్గా ఉంటే ఈ ప్రయాణం కంటికి కనపడదు. వాడికి పని ఎక్కువైతే మీరు నొక్కాక అక్షరం కాసేపు ఆలోచించుకుని వస్తుంది. ఆ మధ్య ఖాళీనే లేటెన్సీ అంటారు. నా నేరమంతా ఆ ఖాళీలోనే జరిగింది.

అంతా కుదిరాక నాకు కొంచెం గర్వం పట్టింది. ఎవరూ కూర్చోని తెరలు ఊరికే నల్లగా ఎందుకుండాలని, కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెర మీద చేపలు ఈదే ఏర్పాటు చేశాను. నీలం సముద్రం, అందులో పెద్దవీ చిన్నవీ చేపలు మలుపు తిరుగుతూ పోతుంటాయి. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. సృష్టి ఐదో దినం అన్నారు, బైబిల్లో దేవుడు చేపల్ని పుట్టించింది ఆ రోజేనట. ఆ తరవాత ఎవరొచ్చినా ముందు చేపల్ని చూపించి, ఆ తరవాతే ఫీజు చెప్పేవారు.

ఇక్కడ మాస్టారి పద్ధతి ఒకటి చెప్పాలి. రోజూ పదకొండింటికి ముందు గదిలో ప్రార్థన. ఎవరినీ రమ్మని అడిగేవారు కాదు, కానీ చివర బిస్కెట్లు ఉండేవి, అందువల్ల అన్ని మతాలవాళ్ళూ భక్తిగా హాజరయ్యేవారు. మాస్టారి ప్రార్థన పొడుగు. దేశనాయకులతో మొదలై, రోగుల మీదుగా, కరెంటాఫీసు సిబ్బంది దాకా అందరి క్షేమమూ కోరుకునేవారు. అంతసేపూ కంప్యూటర్ల హాలు ఖాళీ. నేను సర్వరు చూసుకోవాలని వంక పెట్టి లోపలే ఉండిపోయేవాణ్ణి.

ఆ ఖాళీ వేళే రత్నానికి దొరికింది. పూర్తి పేరు నూకరత్నం, కోటవురట్ల దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చేది. విశాఖపట్నంలో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ ఉద్యోగానికి టైపు పరీక్ష రాయాలి. మా ఇన్‌స్టిట్యూట్‌లో సీట్లన్నీ నిండిపోయాయి. ప్రార్థనప్పుడు మిషన్లు ఎలాగూ ఊరికే ఉంటాయి, ఆ వేళకు వచ్చి నేర్చుకో, ఫీజు వద్దన్నారు మాస్టారు.

మొదటిరోజు వాళ్ళమ్మ వెంట వచ్చింది. జీడిపిక్కలు కొట్టే పని ఆవిడది. ఆ పని చేసేవాళ్ళ చేతులు మీరు చూసే ఉంటారు. జీడి సొన అంటి వేళ్ళు నల్లబడిపోయి, చర్మం పొరలుపొరలుగా లేచిపోయి ఉంటుంది. కానీ ఆ ఊళ్ళో ఆవిడంత జోరుగా పిక్క కొట్టేవాళ్ళు లేరట. కూతురు కూర్చున్న కుర్చీ వెనక నిలబడి, మీటల వంక అనుమానంగా చూసి, నాతో ఒకే మాట అంది.

"నా సేతులు దీనికి వద్దు బాబూ. నా జోరు వస్తే సాలు."

ఆ మాట నాకు బాగా నచ్చింది. దాని మీద ఒక చిన్న జోకు కూడా వేశాను. ఏం జోకో ఇప్పుడు గుర్తులేదు. మాట మాత్రం గుర్తుంది.

వారం తిరక్కుండానే రత్నం ఫిర్యాదు చేసింది. మొదట్లో బాగానే ఉంటుందట, కాసేపయ్యాక తను కొట్టింది తెర మీదకు రాదట, ఆగితే నాలుగైదు మాటలు ఒక్కసారే వచ్చి పడతాయట. నేను హుందాగా లేచాను. వైరు ఊడిందేమోనని హాలంతా తిరుగుతూ ఒక్కో మిషను దగ్గరా మౌసు కదిపి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. తిరిగి ఆమె దగ్గరకు వచ్చేసరికి ఆమెదీ బాగైపోయింది. ఏం చేశారని అడిగింది. నాకూ తెలియదు. అందుకని చిన్నగా నవ్వాను.

మర్నాడు మళ్ళీ అదే. మళ్ళీ తిరిగాను, మళ్ళీ బాగైంది. మూడోరోజుకు నా చేతిలో ఏదో ఉందని ఆమె అనుకోవడం మొదలుపెట్టింది. నేను కూడా.

కానీ లెక్క తేలడం లేదు. హాలు నిండా జనం ఉండి అందరూ టకటకా కొడుతున్నప్పుడు సర్వరు హాయిగా ఉంటుంది. అందరూ లేచి ప్రార్థనకు వెళ్ళి, ఒక్క మనిషి మిగిలాక నీరసపడిపోతుంది. పంక్తులన్నీ లేచిపోయాక వంటవాడికి ఊపిరాడకపోవడమేమిటి? మెమరీ చూశాను, సరిపడా ఉంది. వైర్లు మార్చాను. దైవకార్యం జరుగుతున్నప్పుడు యంత్రం కూడా నెమ్మదిస్తుందేమో అని మాస్టారు వినయంగా ఒక సూచన చేశారు. నా దగ్గర అంతకంటే మంచిది లేదు.

చివరికి ఒకరోజు హాల్లో దేన్నీ ముట్టుకోకుండా తిన్నగా మూలకు వెళ్ళి సర్వరు ముందే కూర్చున్నాను. లైనక్స్‌లో టాప్ అని ఒక ఆదేశం ఉంది. ఏ పని ఎంత భోంచేస్తోందో పైనుంచి కిందకు వరసగా చూపిస్తుంది. చూశాను. పైనుంచి కింద దాకా ఒకటే పేరు. చేపలు. చేపలు. చేపలు. ఖాళీ అయిన ఒక్కో తెరకూ ఒక్కో సముద్రం, అన్ని సముద్రాలూ నడిపేది పాపం ఆ మూలవాడే. అందరూ ప్రార్థనకు వెళితే చేపలు బయటికొస్తాయి. నేను హాలంతా తిరిగి మౌసులు కదిపితే చేపలు పోతాయి, రత్నానికి అక్షరాలు వస్తాయి. నేను కూర్చోగానే మళ్ళీ సముద్రం.

ఒక్క లైను. ఒక్క లైను కొట్టి ఆ చేపల్ని తీసేస్తే అయిపోయేది. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. అప్పుడే వెనకనుంచి రత్నం పిలిచింది, మళ్ళీ ఆగిపోయిందండీ, ఒకసారి వస్తారా అని. ఆ పిలుపులో ఎంత నమ్మకం ఉందంటే, లేచి వెళ్ళిపోయాను. లైను కొట్టలేదు.

ఆ రోజు కొట్టలేదు. మర్నాడూ కొట్టలేదు. ఆ వేసవంతా కొట్టలేదు.

ఎందుకు? నన్ను నేను చాలాసార్లు అడుగుతూ వచ్చాను. జవాబు రోజుకో రకంగా వస్తుంది. మాస్టారు చేపల్ని చూసి మురిసిపోతున్నారు, ఆయన్ని బాధపెట్టడం ఇష్టం లేకపోయిందని ఒకరోజు. నేను పెట్టిందే నేను పట్టుకోలేక ఇన్నాళ్ళు తిరిగానని తెలిస్తే పరువు పోతుందని ఇంకోరోజు. ఇవన్నీ నిజాలే. కానీ అసలు నిజం చాలా చిన్నది. ఆమె రోజూ పిలిచేది. నన్ను రోజూ పిలిచేవాళ్ళు అప్పటికి ఇంకెవరూ లేరు. చేపలు పోతే పిలుపు పోతుంది. ప్రేమ అని పేరు పెడితే తప్పు పరిమాణం తగ్గుతుందా? తగ్గుతుందనే చాలాకాలం అనుకున్నాను. ఆ పేరు పెట్టింది నేనే కనక నాకు అనుకూలంగానే పెట్టుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ వేసవంత సంతోషంగా నేను ఇంకెప్పుడూ లేను. రోజుకో కొత్త రోగనిర్ణయం చేసేవాణ్ణి. ఎలక వైరు కొరికిందన్నాను, ఇద్దరం బల్లల కింద దూరి వైరంతా వెతికాం. ఎలక దొరకలేదు, పాత టైపు పరీక్షల కాగితాలు దొరికాయి, అవి చదువుకుని నవ్వుకున్నాం. వేడి వల్ల అన్నాను, సర్వరుకు విసనకర్రతో విసిరింది. ఆఖరికి ఎర్తింగ్ సరిగ్గా లేదన్నాను. మా వైపు కరెంటు వస్తువు ఏది పాడైనా ఎవరో ఒకరు ఈ మాట అంటారు, ఎవరూ కాదనరు. పెరట్లో ఎర్త్ గొయ్యి ఉంది. అందులో ఉప్పు వేసి, నుయ్యి దగ్గర్నుంచి ఆమె బకెట్టుతో నీళ్ళు తెస్తుంటే నేను శాస్త్రోక్తంగా పోశాను. లోపల మాస్టారు కరెంటాఫీసువాళ్ళ కోసం ప్రార్థిస్తున్నారు. అటు ఆయన, ఇటు మేము. ఆ గొయ్యి అంత సేవ ఎన్నడూ ఎరగదు. వచ్చేటప్పుడు దారిలో నేను మామూలుగా కొన్ని మౌసులు కదిపాను. అక్షరాలు పరిగెత్తాయి. ఉప్పు పనిచేసిందని ఆమె ఎంత సంబరపడిందో.

ఇందులో నేను చూడనిది ఒకటి ఉంది. చూడనిదా, చూసి పక్కన పెట్టిందా? నేను నవ్విస్తున్నంతసేపూ ఆమె చేతులు ఒక పాఠం నేర్చుకుంటున్నాయి. నాలుగు మాటలు కొట్టు. ఆగు. అవి వచ్చాయో లేదో చూడు. మళ్ళీ నాలుగు కొట్టు. రోజూ, మానకుండా, శ్రద్ధగా. ఆమె ఏదైనా శ్రద్ధగానే నేర్చుకుంటుంది.

పరీక్ష విశాఖపట్నంలో. తిరిగొచ్చిన సాయంత్రం బస్టాండులో కనిపించింది. కనిపించిందంటే, ఏ బస్సుకు వస్తుందో తెలిసి నేనే నిలబడ్డాను. దిగి, నన్ను చూసి, పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుంది. పోయిందని చెప్పకుండానే తెలిసింది.

"అక్కడ అక్షరాలు బేగి వచ్చెస్తన్నాయండీ," అంది. "కొట్టగానే వచ్చెస్తన్నాయి. నాను మాత్రం ఆగిపోతన్నాను. ఆగకూడదని తెలస్తంది, సెయ్యి ఆగిపోతంది."

రెండు చేతులూ ఒళ్ళో పరిచి చూసుకుంది.

"నా సేతుల్లో ఏటైనా లోపముందంటారా? మీరు రోజూ సూసేరు కదా."

అడిగింది నన్ను. చూసింది నేనే అని నమ్మి అడిగింది. చుట్టూ బస్సుల గోల. చేపలు అన్న మూడక్షరాల మాట నోటిదాకా వచ్చింది. కానీ అది చెబితే వేసవంతా చెప్పాలి. ఎలక చెప్పాలి, విసనకర్ర చెప్పాలి, ఉప్పు చెప్పాలి.

"లోపం కాదు," అన్నాను. "చెయ్యి కొంచెం నిదానం. సాధన చాలలేదేమో."

తల ఊపింది. డాక్టరు చెప్పిన మాట విన్నట్టు విని, తన పల్లె బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి ఆ లైను కొట్టాను. కళ్ళు మూసి తెరిచేంత పని. మాస్టారు వారం రోజుల పాటు చేపలేవి అబ్బాయ్ అని అడిగారు. కొత్తగా వేసిన లైనక్స్‌లో అవి రావడం లేదన్నాను. అబద్ధానికి అబద్ధం తోడుండాలి కదా, ఒంటరిగా వదిలేస్తే బాగుండదు.

ఆ తరవాతదంతా చెప్పుకోవడానికి సిగ్గుపడేంత బాగా జరిగింది. ఆ ఉద్యోగానికి వయసు దాటిపోవడంతో రత్నం ఇంకోసారి పరీక్షకు వెళ్ళలేకపోయింది. కొత్తగా చేరినవాళ్ళకు పాఠాలు చెప్పడానికి మాస్టారు ఆమెను పిలిచారు. మా ఇద్దరి వాలకం చూసి, బలిఘట్టంలో మావాళ్ళతోనూ, పల్లెలో వాళ్ళమ్మతోనూ తనే మాట్లాడి పెళ్ళి కుదిర్చారు. కుదిర్చిన రోజు ప్రార్థన మామూలు కంటే పొడుగ్గా సాగింది. ఇప్పుడు మాకు ఊళ్ళోనే జిరాక్సు కొట్టు ఉంది, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెడతాం. ఆమె కౌంటరు దగ్గర కూర్చుని టైపు చేస్తుంది. ఇప్పటి మిషన్లలో మీట మీద వేలు పడీ పడకుండానే అక్షరం పడిపోతుంది. ఆమె మాత్రం నాలుగు మాటలు కొట్టి, ఆగి, తెర వంక చూసి, మళ్ళీ కొడుతుంది. ఒక్కో మాటా సరిచూస్తోందనుకుంటారు దరఖాస్తులవాళ్ళు. చాలా జాగ్రత్త గల మనిషని ఊళ్ళో పేరు. ఆమె ఆగినప్పుడల్లా నేను జిరాక్సు మిషనులో కాగితాలు సర్దుతాను. ఆ మిషనులో కాగితాలు ఎప్పుడూ చక్కగా ఉంటాయి.

ఇంతవరకూ భరించవచ్చు. ఆమె సుఖంగానే ఉంది, రోజూ నన్ను ఏదో ఒకటి అని నవ్వుతూనే ఉంటుంది, ఇప్పటికీ ఏది ఆగిపోయినా నన్నే పిలుస్తుంది. భరించలేనిది వాళ్ళమ్మ.

మా అత్తగారు కూతుర్ని ఎన్నడూ తిట్టలేదు. కానీ నలుగురు చుట్టాలు చేరితే చాలు, రత్నం మాట వచ్చేది. "మా రత్నం మంచిదే గానమ్మా, నా జోరు దానికి రానేదు," అనేది. పెళ్ళిలో అంది. మా పాప బారసాలలో అంది. మా కొట్టు తెరిచిన రోజున, ఆ నల్లటి వేళ్ళతో కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ అంది. అందులో కోపం లేదు. తన జన్మలో ఒక్కటే కోరుకుంది, అది రాలేదు, అంతే. రత్నం నవ్వేసేది. అవునమ్మా, నాది నిదానమే, మీ అల్లుడుగారు కూడా అప్పుడే సెప్పేరు అనేది. అప్పుడు అత్తగారు నా వంక గౌరవంగా చూసేది, చదువుకున్నవాడు కనిపెట్టాడని. నేను వడ్డన చూసుకోవడానికి లేచిపోయేవాణ్ణి.

కిందటేడు వర్షాలప్పుడు అత్తగారు పోయింది. ఆఖరు రోజుల్లో పక్కన కూర్చుని ఉన్నాను. చెబుదామని రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నాను కూడా. మంచినీళ్ళు కావాలా బాబూ అని ఆవిడే అడిగింది.

మీకు చెబుతానని మొదలుపెట్టి ఇదంతా మధ్యాహ్నం కొట్లో కూర్చుని రాశాను. గిరాకీ లేదు. రాసినకొద్దీ, ఏం చెప్పను, ఒళ్ళు తేలికైంది. మరీ తేలికైతే మనిషికి ధైర్యం వస్తుంది కాబోలు. కాగితాలు పక్కన పెట్టి, చిక్కుడుకాయలు ఒలుస్తున్న రత్నం దగ్గరకు వెళ్ళి, ఆ వేసవిలో అక్షరాలు ఎందుకు ఆగేవో చెప్పేశాను. టాప్ చెప్పాను, చేపలు చెప్పాను, మౌసులు కదపడం చెప్పాను. ఏదీ దాచలేదు.

"సేపలా?" అంది.

అవునన్నాను. నవ్వడం మొదలుపెట్టింది. మాస్టారు వాటిని సృష్టి ఐదో దినం అనేవారని గుర్తుచేసుకుని నవ్వింది. ఉప్పు దగ్గరకు వచ్చేసరికి పళ్ళెం పక్కన పెట్టేసి, బకెట్టు మోసిన చెయ్యి పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంత సులువైన పనికా ఇన్నేళ్ళు భయపడ్డాను అనుకున్నాను.

కొంగుతో కళ్ళు తుడుచుకుని పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. రెండు కాయలు ఒలిచింది. తలెత్తకుండానే అంది:

"మా అమ్మ బతికుండగా సెప్పాల్సింది ఈ మాట."